రాగిరేకులపై రాగనామములు: ఒక లక్ష్యలక్షణవిచారము

లక్ష్యమును చూచి లక్షణము చెప్పబడినది గాని, లక్షణమును చూచి లక్ష్యము పుట్టలేదు. వ్యాకరణము చదివిన ప్రతి విద్యార్థికిని ఈ సంగతి మొదటి సంవత్సరముననే తెలియును. కుండ కావలసినవాడు కుమ్మరి యింటికి పోవును. మాట కావలసినవాడు వైయాకరణుని యింటికి పోయి మాటలు చేసి యిమ్మని అడుగడు. భాష్యకారుడైన పతంజలి చూపిన ఈ దృష్టాంతము మన తరగతులలో నిత్యము వినబడునదే. ఐనను సంగీతసాహిత్యముల విషయమున మన ప్రాచ్యకళాశాలలు దీనిని మరచి ప్రవర్తించుచున్నవని నా అభిప్రాయము. మనము రసమును నిర్వచింతుము, అలంకారములను విభజింతుము, నాట్యశాస్త్రమున స్వరతాళములను గూర్చిన అధ్యాయములు కలవని చెప్పుదుము. కాని గేయమొక్కటియైన తరగతిలో వినిపింపము. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఉదాహరణముగా గైకొని ఈ లోపమును పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

1816లో వెలువడిన తన తెలుగు వ్యాకరణపు పీఠికలో ఏ.డి. కాంబెల్ ఒక విషయము ప్రస్తావించినాడు. తిరుమల ఆలయమున వేలకొలది రాగిరేకులపై కవిత్వము చెక్కబడి యున్నదని విని, ఆయన ఒక దేశీయుని పంపి వానిని పరిశీలింపజేసెను. వానిలో ఒక లక్షణగ్రంథము కనబడగా దానికి నకలు తీయించెను. తక్కినవన్నియు దేవతాస్తుతులేయని విడిచిపెట్టెను. ఆయన వ్యాకరణము వ్రాయుచున్నవాడు, ఆయనకు కావలసినది లక్షణము. అందుచే ఆయనను నిందింప బనిలేదు. లక్షణమును గైకొని లక్ష్యమును విడుచు ఆ పద్ధతి మన విద్యాలయములలో నేటికిని సాగుచుండుటయే విచారింపదగినది.

ఆ రేకులలో ఏమున్నదో, ఏమి లేదో మొదట తెలిసికొనవలెను. అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించినవారు. పదునారవ ఏట మొదలుపెట్టి జీవితాంతము సంకీర్తనలు రచించిరి. వారు రచించినవి ముప్పదిరెండు వేలని ప్రసిద్ధి. నేడు మనకు దొరకినవి అందు సగమునకు లోపే. ప్రతి సంకీర్తనకు శీర్షమున రాగనామము కలదు. తరువాత పల్లవి, చరణములు కలవు. తాళనామము సాధారణముగ కానరాదు. స్వరలిపి లేనే లేదు. అనగా రేకు చెక్కించినవారు, పాడువానికి రాగము పేరు చెప్పిన చాలును, తక్కినది అతనికి తెలియునని తలచిరి. పాడువాడు గురుముఖమున నేర్చినవాడై యుండుటయే అందుకు కారణము.

ఇచట వేదాధ్యయనముతో పోలిక ఉపకరించును. మన పూర్వులు వేదమును రాగిపై చెక్కింపలేదు. పదము, క్రమము, జట, ఘనము అని పాఠభేదములు కల్పించి, ఉదాత్తానుదాత్తస్వరితములతో గురువు సంథ చెప్పగా శిష్యుడు వల్లించునట్లు ఏర్పాటు చేసిరి. అక్షరమునకు కాపలా అక్షరమే, స్వరమునకు కాపలా స్వరమే. అందువలన వ్రాత లేకయే వేదము స్వరముతో కూడ నిలిచినది. సంకీర్తనల విషయమున దీనికి విపరీతము జరిగినది. అక్షరమునకు లోహరక్షణ లభించినది. స్వరమునకు శిష్యపరంపర తెగిపోయినది. రాగి నిలిచినది, రాగము నిలువలేదు.

రాగము పేరు ఉండగా రాగము నిలువలేదనుట ఎట్లని కొందరు ప్రశ్నింతురు. ముఖారి రాగమును గైకొందము. అన్నమాచార్యుల నిర్యాణమునకు నలుబదియేడు సంవత్సరముల తరువాత, 1550లో, విజయనగరమున రామామాత్యుడు స్వరమేళకళానిధి రచించెను. అందు ముఖారి యనునది శుద్ధస్వరములన్నియు కూడిన మేళము. నేటి డెబ్బదిరెండు మేళకర్తలలో దానికి సరిపోవునది మొదటిదైన కనకాంగి. నేడు మనము ముఖారి యని పాడు రాగమున చతుశ్శ్రుతి రిషభమును, సాధారణ గాంధారమును వినబడును. పేరొక్కటియే, వస్తువు వేరు. కాలమున సన్నిహితుడైన శాస్త్రకారుని సాక్ష్యము ఇట్లుండగా, రేకుపై ముఖారి యని యున్నదని నేటి ముఖారిలో పాడి, ఆచార్యుల వరుసనే పాడితిమనుట శాస్త్రసమ్మతము కాజాలదు.

మరి అన్ని రాగములును ఇట్లే మారినవా యనిన, అదియు కాదు. అదే గ్రంథమున చెప్పబడిన శ్రీరాగమేళమునకును, నేటి శ్రీరాగమున వినబడు స్వరములకును పొత్తు కుదురును. మాళవగౌళ మేళము నేటి మాయామాళవగౌళయే. కాగా ఆబాలి, కొండమలహరి, అమరసింధు వంటి పేర్లు రేకులపై కలవు. నేటి కచేరీ పరిపాటిలో అవి వినరావు. ఈ విధముగ రేకులపై గల రాగనామములు మూడు తెగలగుచున్నవి: పేరును వస్తువును నిలిచినవి, పేరు నిలిచి వస్తువు మారినవి, పేరు మాత్రమే మిగిలినవి. ఈ మూటికిని ఒకే న్యాయము వర్తింపజేయరాదు.

నేడు మాత్రము రెండు పక్షములు వినబడుచున్నవి. రేకుపై నున్న రాగము శిలాశాసనము వంటిది, దానిని మార్చుట అపచారమని ఒక పక్షము. వరుస ఎటులను నశించినది, కావున గాయకుడు తనకు నచ్చిన రాగమున పాడుకొనవచ్చునని రెండవ పక్షము. మొదటివారు పేరునే రాగమనుకొనుచున్నారు. రెండవవారు పేరు కూడ ఒక సాక్ష్యమని గుర్తింపకున్నారు. తాళపత్రమున శిథిలమైన అక్షరమును పరిష్కర్త తనకు తోచినట్లు పూరించి, మూలమున నట్లే యున్నదని అచ్చువేసినచో మనమంగీకరింతుమా? పూరించినచో కుండలీకరణము చేయును. పాఠాంతరమును అధస్సూచికలో చూపును. గ్రంథపరిష్కరణమున మనము పాటించు ఈ నీతి రాగమునకును చెల్లవలెను.

సంగీతశాస్త్రము లక్ష్యప్రధానమని శార్ఙ్గదేవాదులు చెప్పిన మాటను రామామాత్యుడు ఆదరించెను. లక్ష్యలక్షణములకు విరోధము కలిగినచోట లక్ష్యమునే అనుసరింపవలెనని దాని తాత్పర్యము. ఈ మాటను ఆధారముగ జేసికొని, నేటి గాయకుల ప్రయోగమే లక్ష్యము గనుక వారేమి పాడినను సరియేయని వాదించువారు కలరు. లక్ష్యమనగా శిష్టప్రయోగము గాని యాదృచ్ఛికప్రయోగము గాదు. వ్యాకరణమున లోకప్రయోగము ప్రమాణమన్నప్పుడు కూడ అపశబ్దమును ప్రమాణము చేయలేదు గదా. సంప్రదాయమును ఎరిగి, మార్పును తెలిసి చేయు విద్వాంసుని ప్రయోగమే లక్ష్యము.

ఈ సందర్భమున స్మరింపవలసిన విషయము మరొకటి కలదు. అన్నమాచార్యులు వాగ్గేయకారులు మాత్రమే గారు, లక్షణకర్తలును. సంకీర్తనలక్షణమును వారు సంస్కృతమున రచించిరి. ఆ మూలము నేడు లభ్యము కాదు. వారి మనుమడైన చిన తిరుమలాచార్యుడు తెలుగున పద్యరూపమున సంతరించిన సంకీర్తనలక్షణము మనకు మిగిలినది. తన కళను గూర్చి తానే ఆలోచించి నియమములు చెప్పిన కళాకారుని చింతన అందు కలదు. పదమునకు అంగములేవి, యతిప్రాసలెట్లుండవలెను, వ్యవహారభాషకు పదములలో ఎంతవరకు చోటు కలదు అనునవి అందలి విషయములు. వేలకొలది పదములు పాడిన నోటినుండి వెలువడినందుననే ఆ లక్షణమునకు గౌరవము. దానిని చదువువాడు పదములను వినకయే చదివినచో, రుచి యెరుగక పాకశాస్త్రము వల్లించినట్లగును.

శాస్త్రమును కళను ఒకే వ్యక్తి సాధింపజాలడను నిరాశకు సమాధానము మన కాలముననే దొరకినది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) మైసూరు పరకాలమఠమున కావ్యశాస్త్రములు చదివిరి. బిడారం కృష్ణప్ప వద్ద సంగీతమభ్యసించిరి. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి. ప్రాకృత గాథాసప్తశతిని తెనిగించిరి. కాకతీయ గజసాహిణి జాయపసేనాని రచించిన నృత్తరత్నావళిని తెలుగువారి కందించిరి. తిరుపతిలో వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలగువారు నడపిన సంకీర్తనపరిష్కరణము తరువాత వారి చేతికి వచ్చినది. వారు పాఠమును సరిచూచిరి, వరుసలును కూర్చిరి. 1974లో మద్రాసు సంగీతవిద్వత్సభ వారిని సంగీతకళానిధి బిరుదముతో సత్కరించినది. తెలుగు బోధించిన పండితునకు ఆ బిరుదము లభించుట మనకు గర్వకారణము మాత్రమే గాక, హెచ్చరిక కూడ. అట్టివారిని తయారుచేయు పాఠ్యక్రమము నేడు మన యొద్ద లేదు.

పండితుడు గాయకున కీయగలదేమి? మొదటిది అర్థము. తెలుగున చివరి అచ్చు దీర్ఘించినచో అర్థము తలక్రిందులగును. ‘కాదు’ అనిన నిషేధము. ‘కాదూ’ అనిన ఔనని ఒప్పించు ప్రశ్న. రాగవిస్తరమునకై గాయకుడు అచ్చట సాగదీసినచో కవి లేదన్నది ఉన్నదగును. ‘దీనబంధు’ను కుదించి ‘దినబంధు’ అనినచో దీనుల చుట్టము పగటికి చుట్టమగును. రెండవది తాళము. రేకుపై తాళము లేకున్నను ఛందస్సులో దాని జాడ కలదు. ఐదేసి మాత్రలుగ నడచు పాదమున ఖండగతి సహజముగ కుదురును. దానిని చతురశ్రమున బలవంతముగ ఇరికించినచో యతిస్థానము చెదరి మాట మధ్యలో విరుగును. మాత్రాగణములు నేర్చిన మన విద్యార్థి ఈ పనిని చేతివ్రేళ్లపై చేయగలడు. కాని అతడు దానిని పరీక్షాపత్రమున గణవిభజనకే తప్ప వినియోగింపడు.

గాయకుడు పండితున కీయగలదేమి? రసము. శృంగారసంకీర్తనమున నాయిక ఈర్ష్యతో పలికినదో, వేడుకతో పలికినదో వ్యాఖ్యానము నాలుగు పుటలలో నిరూపించును. విద్వాంసుడు ఆ పల్లవిని రెండు విధముల పాడి చూపినచో విద్యార్థికి ధ్వని యనగా నేమో ఆ క్షణముననే తెలియును. కాకువు వలన అర్థము వ్యక్తమగునని అలంకారికులు చెప్పిరి. కాకువు కంఠధర్మము. కంఠము వినబడని తరగతిలో కాకువును బోధించుట యెట్లు?

కావున కళాశాలల ముందు మూడు ప్రతిపాదనలుంచుచున్నాను. మొదటిది, ఇకపై సంకీర్తనలను అచ్చువేయువారును, వేదికపై పాడువారును మూడు విషయములు ప్రకటింపవలెను: రేకుపై గల రాగము, పాడుచున్న రాగము, వరుస కూర్చినవారి పేరు. నేదునూరి కృష్ణమూర్తి (1927–2014) వంటి విద్వాంసులు కూర్చిన వరుసలు స్వతంత్రముగ ఆదరింపదగిన రచనలు. వానిని పదకర్తకు అంటగట్టుట వలన ఇరువురకును అన్యాయము జరుగును. రెండవది, భాషాశాఖలలో వారమున కొక గంట శ్రవణమునకు కేటాయించి, సమీపమున గల సంగీతవిద్వాంసుని పిలిపింపవలెను. ప్రతిఫలముగ మన అధ్యాపకుడు సంగీతవిద్యార్థులకు పదవిభాగమును, అర్థమును చెప్పవలెను. మూడవది, ఛందోలంకారములకు మౌఖికపరీక్ష పెట్టవలెను. పద్యమును రాగయుక్తముగనో, కనీసము యతిస్థానమెరిగి చదువుటయో రానివానికి ఛందస్సులో ఉత్తీర్ణత నీయరాదు.

సంగీతము నేర్పుట సంగీతకళాశాలల పనియనియు, అందరకును గాత్రము కుదురదనియు ఆక్షేపణ రావచ్చును. గాయకులను తయారుచేయుమని నేను కోరుట లేదు. శాస్త్రమును చదువువానికి చెవి యుండవలెనని మాత్రమే కోరుచున్నాను. చెవి అభ్యాసముచే కుదురును. ధనము లేదను మాటయు నిలువదు. విద్వాంసుల గానము ధ్వనిముద్రణములుగ సులభముగ లభించుచున్నది.

రేకులను చదువగలవారు మన శాఖలలో ఉన్నారు. పాడగలవారు సంగీతశాఖలలో ఉన్నారు. ఒకరి పని మరియొకరికి తెలియక పోవుట వలన అన్నమాచార్యుల పదము ఒకచోట అర్థముగను, మరొకచోట నాదముగను విడిపోయినది. ఈ రెంటిని తిరిగి కలుపుటకు కొత్త విద్యాపీఠములు అక్కరలేదు. పాఠ్యప్రణాళికాసంఘములు వచ్చు సమావేశముననే ఈ మూడు విషయములను చర్చకు తీసికొనవలెనని, విజ్ఞులైన అధ్యాపకులు తమ అభిప్రాయములను ఈ పత్రికాముఖమున తెలుపవలెనని ప్రార్థించుచున్నాను.