పోలమ్మకో లోపం కావాలి

వాయుగుండం పట్టిందంటే మా నెల్లూరు వైపు కరెంటు సంగతి మీకు తెలిసిందే. మొన్న అట్టాంటి సాయంత్రమే, చెన్నై హాస్టలు నుంచి వచ్చిన మా అమ్మాయి ఒక చిన్న సంచీలోంచి పాచికలు కుమ్మరించింది. ఇరవై ముఖాల పాచిక నేను చూడటం అదే మొదలు. "అమ్మా, ఆటలో మనిషి తక్కువైంది, రా" అంది. వంటెట్టాగూ అయిపోయింది, ఫోన్లో చార్జింగూ లేదు. కూర్చున్నా.

రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారట. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్ళు తలా ఒక మనిషిని కల్పించుకొని, ఆ మనిషిగానే మాట్లాడాలి, ఆ మనిషిగానే తేల్చుకోవాలి. అనుకున్న పని అయిందా లేదా అనేది పాచిక చెబుతుంది. 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఇది ఊపందుకుంది. కోటలూ రాక్షసులూ నావల్ల కాదన్నానని, మా అమ్మాయి కథని మైపాడు వైపు, పెన్న సముద్రంలో కలిసే దగ్గర్లో ఒక పల్లెకి మార్చింది.

నా మనిషి పోలమ్మ. చేపల గంప నెత్తిన పెట్టుకొని ఊళ్ళు తిరిగే ఆమె. నీతి గలది, ధైర్యం గలది, అడిగినవాళ్ళకి లేదనదు. కాగితం మీద 'లోపం' అని ఒక గడి ఉంది. చాలాసేపు ఆలోచించి, 'అందర్నీ ఇట్టే నమ్మేస్తుంది' అని రాశా.

మా అమ్మాయి పకపకా నవ్వింది. "ఇది లోపమేందమ్మా! ఉద్యోగం ఇంటర్వ్యూలో నీ బలహీనత ఏందంటే, 'ఎక్కువ కష్టపడతానండీ' అన్నట్టుంది."

ఆడాం. గంటన్నరలో పోలమ్మ ఒక్క తప్పు చేయలేదు. తగువొస్తే సర్దింది, దొంగ దొరికితే క్షమించింది. మా అబ్బాయి ఆవలించాడు. నిజం చెప్పాలంటే నాకే విసుగొచ్చింది. అంత మంచిదానికి ఆ ఊళ్ళో చేయడానికి ఏమీ లేదు.

ఆ రాత్రి దోమల్లో నిద్రపట్టక ఆలోచించా. మనం ఆడవాళ్ళం లోపం రాయమంటే మంచితనాన్నే తిరగేసి రాస్తాం. మెత్తటి మనసు, నమ్మేస్తుంది, తన గురించి తను పట్టించుకోదు... పెళ్ళిచూపుల్లో మన గురించి చెప్పినవే ఇవన్నీ. "మా పిల్లకి కోపమంటే తెలీదండీ" అని మా పిన్ని నా పక్కనే కూర్చుని చెప్పింది. సీరియళ్ళ సంగతి సరేసరి. లోపాలన్నీ మూటగట్టి అత్తకిచ్చేసి, కోడలికి కన్నీళ్ళు మాత్రం మిగులుస్తారు. నాకు తోచినంతలో, లోపమంటే దానివల్ల పక్కవాళ్ళకి నష్టం జరగాలి. జరుగుతున్నా సరే, ఆ మనిషికి అది న్యాయంగానే కనపడాలి. ఈ రెండూ లేనిది లోపం కాదు, మెడలో ఇంకో గొలుసు.

ఆటలు చేసినవాళ్ళకి ఈ సంగతి తెలిసే ఉంటుంది. 1986లో వచ్చిన గర్ప్స్ అనే ఆటలో లోపం రాసుకుంటే అదనంగా పాయింట్లిస్తారట, వాటితో విద్యలు కొనుక్కోవచ్చు. అయినా నెల్లూరువాళ్ళం మనకి ఇది ఇంకొకరు చెప్పాలా? 13వ శతాబ్దంలో తిక్కన గారు ఇక్కడ భారతం అందుకున్నదే విరాటపర్వంతో. అజ్ఞాతవాసమంటే ఆరుగురూ ఏడాదిపాటు వేషాలేసుకొని బతకడమేగా! జూదంలో రాజ్యాన్నీ ఆలినీ పోగొట్టుకున్న ధర్మరాజు ఎంచుకున్న వేషమేమిటి? రాజుగారితో పాచికలాడే కంకుభట్టు. లోకంలో ఇంకే పనీ లేనట్టు! పేరు మారింది, ఆ చెయ్యి మాత్రం పాచికల దగ్గరికే పోయింది. కీచకుడు నిండుసభలో ద్రౌపదిని తన్నితే, గుట్టు బయటపడకూడదని ఆయన ఆమెనే మందలిస్తాడు, నాటకాలాడేదానిలా ఏమిటిది అని. ఆమె సైరంధ్రి వేషం వదలకుండానే తిప్పికొడుతుంది. నా మొగుడే నటుడు, పైగా జూదరి, ఇక నాకు మర్యాద ఎక్కణ్ణించి వస్తుందని. వింటున్న సభకి అది ఎవరో పరాయి మొగుడి మాట. ఇద్దరికీ మాత్రం తెలుసు. ఆయన తప్పు లేకపోతే ఆమెకి ఆ మాటే ఉండేది కాదు.

మర్నాడు పొద్దున కాగితం కొట్టేసి కొత్తగా రాశా: 'పోలమ్మకి కోపమొస్తే మాట్లాడదు. ఎదుటివాళ్ళే వచ్చి అడగాలి.'

ఈసారి ఆట నడిచింది. చేపల డబ్బు దగ్గర పోలమ్మకీ చెల్లెలి మొగుడికీ మాటల్లేవు. తెల్లవారుజామున అతని పడవ బయల్దేరుతోంది. పెన్న కలిసే చోట ఇసుక మేట వేసిందని ఊళ్ళో పోలమ్మ ఒక్కదానికే తెలుసు. "చెప్తావా?" అంది మా అమ్మాయి.

"అతనే వచ్చి అడగనీ" అన్నా. అనుకోకుండానే వచ్చేసింది నోట్లోంచి.

పాచికలో మూడు పడింది. పడవ మేటకెక్కి తిరగబడింది. వలలు పోయాయి. అదే పడవలో ఉన్న మా అబ్బాయి మనిషికి కాలు విరిగింది. "ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయేది?" అని వాడు నిజంగానే కోప్పడ్డాడు. నేనూ తగ్గలేదు. ముందు డబ్బు ఎగ్గొట్టిందెవరు, పోలమ్మ ఎన్నాళ్ళు ఓర్చుకుంది, అన్నీ ఏకరువు పెట్టా. అంత బాగా నేనెప్పుడూ ఎవరి తరఫునా వాదించలేదు.

మా అమ్మాయి పాచికలు ఏరుకుంటూ తలెత్తకుండా అడిగింది: "పోయినేడాది హాస్టల్లో జ్వరమొచ్చినప్పుడు నీకెందుకు ఫోన్ చేయలేదో తెలుసా అమ్మా?"

తెలుసు. నాకు చెప్పకుండా కోర్సు మార్చుకుందని అప్పటికి తొమ్మిది రోజులుగా తనతో మాట్లాడటం లేదు నేను. జ్వరం సంగతి నాకు తన రూమ్మేటు చెప్పింది, అదీ తగ్గాక. తనే చేయాలిగా ముందు అనుకున్నా ఆ తొమ్మిది రోజులూ. మా అమ్మా అంతే. ఆమె మౌనానికి ఇల్లంతా చెప్పులు విప్పి నడిచేది.

దానికి నేనేం జవాబు చెప్పానో ఇక్కడ రాయను, పెద్ద గొప్పగా ఏమీ చెప్పలేదు. సాయంత్రానికి కరెంటొచ్చింది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇక్కణ్ణించే మొదలుపెడతానని మా అమ్మాయి పోలమ్మ కాగితాన్ని మడిచి తన పుస్తకంలో పెట్టుకుపోయింది. అప్పటికి పోలమ్మ చెల్లెలి గుమ్మం దాకా పోవాలి. పోతుంది. పోయి, మొదటి మాట ఏమనాలో ఇంకా దొరకలేదు.