అతుకు గట్టిదైతేనే ఓడ గట్టిది

ఉక్కు రేకులను కలిపి ఓడగా నిలబెట్టేది వెల్డింగ్ అతుకే. రేకు ఎంత మేలైనదైనా అతుకు వీడితే ముప్పు తప్పదు. ట్రాక్టరు ట్రాలీకి వెల్డింగు చేయించే రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయినా కొత్త ఉక్కు మీద పెట్టే శ్రద్ధ, దానిని అతికే తీగ మీద సకాలంలో పెట్టకపోవడం పెద్ద దేశాల్లోనూ జరిగింది.

అమెరికా నౌకాదళం చాలాకాలం హెచ్‌వై-80 అనే ఉక్కును వాడింది. చదరపు అంగుళానికి 80 వేల పౌన్ల లాగుడును తట్టుకునే ఈ ఉక్కును ముందుగా వేడి చేసి అతకాలి. లేకుంటే పగుళ్లు వస్తాయి. ఈ శ్రమను, ఖర్చును తగ్గించడానికి 1980 దశకంలో కార్బన్ తక్కువగా ఉన్న హెచ్ఎస్ఎల్ఏ-80 ఉక్కును తెచ్చారు. ఉక్కు మారింది కాని తీగ పాతదే. పాత తీగకు పాత జాగ్రత్తలే కావలసి వచ్చాయి. కొత్త ఉక్కు వల్ల కలగవలసిన లాభం పూర్తిగా దక్కలేదు. మెరుగైన తీగల కోసం పరీక్షలు సాగడానికి కారణమిదే.

ఈ పని తేలికైనది కాదు. కమ్మరి నాగలి కర్రును కాల్చి, సాగగొట్టి, నీట ముంచి పదును పెడతాడు. కార్ఖానాలో రేకుకూ అలాంటి సంస్కారమే జరుగుతుంది. అతుకులోని లోహానికి ఆ అవకాశం లేదు. కరిగి గడ్డకట్టినదే దాని బలం. అందువల్ల ఆ బలం తీగలోని పాళ్ల నుంచే రావాలి. కార్బన్ పెంచితే అతుకు గట్టిపడుతుంది కాని పెళుసవుతుంది. దీనికి తోడు తేమ, తుప్పు, జిడ్డు ద్వారా హైడ్రోజన్ చేరుతుంది. అది నివురుగప్పిన నిప్పు. అతికిన రోజున బాగున్న అతుకు ఒకటి రెండు రోజుల తర్వాత పగలవచ్చు.

అమెరికాలో ‘సీవుల్ఫ్’ జలాంతర్గామికి 1991లో జరిగింది ఇదే. అంతకన్న బలమైన హెచ్‌వై-100 ఉక్కుతో కడుతుండగా అతుకుల్లో పగుళ్లు బయటపడ్డాయి. తీగలో కార్బన్ ఎక్కువ కావడం ఒక ముఖ్య కారణమని తేలింది. వేసిన అతుకులు తీసి మళ్లీ వేయవలసి వచ్చింది. కోట్ల డాలర్ల ఖర్చు మీద పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

ఈ విషయం మనకు దూరమైనది కాదు. ‘జల ఉష’ 1948లో జలప్రవేశం చేసింది విశాఖలోనే. 2022లో నౌకాదళంలో చేరిన విక్రాంత్‌కు వాడిన ఉక్కు రూపకల్పనలో హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాలకు ప్రధాన పాత్ర ఉంది. నౌకాదళానికి ఐదు సహాయక నౌకలు కట్టే ఒప్పందం 2023లో హిందుస్థాన్ షిప్‌యార్డుతో కుదిరింది. ఇలాంటి పనుల్లో టార్చి పట్టేది పల్లెల నుంచి ఐటీఐ చదివి వెళ్లిన మన బిడ్డలే.

కనుక కొత్త తీగను చిన్న ముక్క మీద లాగి చూసి సరిపెట్టరాదు. ఓడకు వాడేటంత మందమైన రేకుల మీద, కదలకుండా బిగించి అతికి చూడాలి. చల్లబరచిన ముక్కకు గాటు పెట్టి, సమ్మెట దెబ్బకు ఎంత ఓర్చుతుందో కొలవాలి. హైడ్రోజన్ ఎంత చేరిందో లెక్క కట్టాలి. రెండు రోజులు ఆగి శబ్ద తరంగాలతో, ఎక్స్‌రేతో తనిఖీ చేయాలి. తీగ ప్రతి విడతకూ ఈ వివరాలు రాసి ఉంచాలి. రాడ్లను ఓవెన్‌లో పొడిగా ఉంచడం, రేకును ముందుగా వేడి చేయడం ఎందుకో ఐటీఐలలోనే నేర్పాలి.

తీగను పరీక్షించకుండా చేతికిచ్చి, అతుకు పగిలాక వెల్డరును తప్పుపట్టడం న్యాయం కాదు. పరీక్షకయ్యే ఖర్చు దండుగ కాదు. ఆ ఓడలో సముద్రం మీదికి వెళ్లేవారి ప్రాణాలకు అదే పూచీ.