కెగ్గులో గ్యాసు, సోడాలో గోలీ

గ్యాసు నీళ్లలో ఎలా కలుస్తుందో మా బొబ్బిలి కుర్రాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. గోలీసోడా మిషన్ చూస్తూ పెరిగాం. నీళ్లు నింపిన సీసాని చట్రంలో బిగించి, సిలిండర్ గ్యాసు వదిలి గిరగిరా తిప్పుతారు. సీసా తలకిందులవగానే గోలీ జారి మెడలోని రబ్బరుకి అతుక్కుంటుంది. లోపలి ప్రెషరే దాన్ని పట్టి ఉంచుతుంది. ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ 1872లో పేటెంట్ తీసుకున్న తెలివి అది.

డాలస్‌లో ఉండే మా పిన్ని కొడుకు ఇంట్లోనే బీరు చేస్తాడు. అక్కడ తప్పు కాదు. జిమ్మీ కార్టర్ 1978లో సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇద్దరు పెద్దలున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చేసుకోవచ్చు, అమ్మకూడదు. మొన్న ఫోన్ చేశాడు. "కుళాయి తిప్పితే గ్లాసు నిండా నురగే అన్నయ్యా, తాగితే సప్పగా ఉంది. ఏటి సెయ్యాలి?"

"కెగ్గు ఎక్కడ పెట్టావురా?"

"గరాజ్‌లో."

జూలైలో డాలస్ గరాజ్! బీరు కాచుకోడానికా?

కార్బన్ డయాక్సైడ్ చల్లటి ద్రవంలోనే బాగా కరుగుతుంది. వేడెక్కితే బయటికి తన్నుకొస్తుంది, ఆ నురగ అదే. అందుకే ముందు ఫ్రిజ్, తర్వాతే గ్యాసు. 19 లీటర్ల కెగ్గుని 4 డిగ్రీల దగ్గర ఉంచి, రెగ్యులేటర్‌ని 12 పీఎస్ఐ దగ్గర పెట్టి, వారం పది రోజులు దాని జోలికి పోకూడదు. కారు టైర్లో గాలే 30 పైచిలుకు ఉంటుంది, దీనికి అందులో సగం కూడా అక్కర్లేదు. 30 పెట్టి కెగ్గుని ఊపేసి ఒక్కరోజులో పని కానిచ్చేవాళ్లూ ఉన్నారు. మొదటిసారికి అది వద్దు. గ్యాసు ఎంత ఎక్కిందో తెలిసేలోపే శ్రుతి మించుతుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను వాడిని కసిరాను. సిలిండర్ లోపల మామూలు వేడికే 800 పీఎస్ఐ పైన ఉంటుంది, కెగ్గు తట్టుకునేది 130. రెగ్యులేటర్ లేకుండా తగిలిస్తే బాంబే. జాయింట్లకి సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. మూసిన గదిలో ఈ గ్యాసు లీకైతే ఊపిరాడదు, వాసన కూడా రాదు.

అన్నట్టు, సోడాకి పుట్టిల్లు బీరు తొట్టే. 1767లో జోసెఫ్ ప్రీస్ట్‌లీ లీడ్స్‌లో పులుస్తున్న బీరు తొట్టి మీద నీళ్ల గిన్నె వేలాడదీసి, ఆ గ్యాసుని నీళ్లలోకి ఎక్కించాడు.

ఇప్పుడు మావాడు సంక్రాంతికి ఆ సామానంతా మోసుకొచ్చి బొబ్బిల్లో బీరు చేస్తాడట. "ఒరే, ఇక్కడ లైసెన్స్ లేకుండా చేస్తే ఎక్సైజ్ కేసు. మనింట్లో తాగడానికే అన్నా వినరు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. కెగ్గు, రెగ్యులేటర్ తెచ్చుకోమన్నాను, గ్యాసు సిలిండర్ ఇక్కడ చూద్దాం. చల్లటి నీళ్లకి 30 పీఎస్ఐ పెట్టి నిమ్మ, అల్లం సోడా చేస్తే పిల్లలూ తాగుతారు. అల్లం రసం గుడ్డలో వడకట్టాలని ఇప్పుడే చెప్పి ఉంచాను. పీచు గొట్టంలో అడ్డుపడిందంటే పండగపూట కెగ్గు విప్పుతూ కూర్చోవాలి.