పేరు తెలిస్తే మొక్క తెలిసినట్టేనా?

"నేల ఉసిరి తెచ్చుకోండి, కడిగి రసం తీయండి, పరగడుపున తాగండి." ఈ తరహా చిట్కా చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కష్టమంతా ఆ మొదటి మాటలోనే ఉన్నది. రాసినవారు దానినే దాటేస్తారు. తెచ్చుకోవలసినది ఏది? మా ఇల్లందు చుట్టుపట్ల తొలకరి పడగానే, రెమ్మ కింద వరుసగా చిన్న కాయలు కాసే మొక్కలు ఒకటికి మించి మొలుస్తాయి. ఒకదాని కాయకు సన్నని కాడ ఉంటుంది, మరొకదాని కాయ రెమ్మకే అంటుకొని గరుకుగా ఉంటుంది. తుంచితే పాలు కారేది అసలు నేల ఉసిరే కాదు, నానబాలు కోవకు చెందినది. ఇంత రాయడానికి నాలుగు వాక్యాలు చాలు. ఎవరు రాస్తున్నారు?

ఇంతకన్నా భయపెట్టే జంట చిల్ల, ముష్టి. రెండూ మన అడవి చెట్లే, ఒకే ప్రజాతివి. రెంటికీ ఆకులు ఎదురెదురుగా, మొదలు నుంచే చీలిన మూడో అయిదో ఈనెలతో ఉంటాయి. చిల్లగింజను కుండ లోపల అరగదీస్తే బురదనీరు తేరుకుంటుంది. ముష్టిగింజలో ఉన్నది స్ట్రిక్నిన్. కండరాలు కొయ్యబారి, ఊపిరాడక ప్రాణం పోతుంది. ఆయుర్వేద వైద్యులు సైతం శుద్ధి చేయనిదే దానిని ముట్టరు. తేడా కాయలో తెలుస్తుంది. చిల్లకాయ చిన్నది, పండితే నల్లబడుతుంది. ముష్టికాయ నారింజను పోలి ఉంటుంది. దాని గింజ బొత్తాంలా చదును, పైన పట్టులాంటి నూగు. భద్రాచలం ప్రాంతంలో గిరిజన సహకార సంస్థ ఈ రెండు గింజలనూ కొంటూ వచ్చింది. వాటిని ఏరి తెచ్చే కోయ స్త్రీలకు ఈ తేడా చెప్పడానికి పుస్తకం అక్కరలేదు.

"పెద్దలు తరతరాలుగా వాడలేదా, వారికేమయింది?" అని అడిగేవారుంటారు. వాడినదీ వారే, అడవికి వెళ్ళి గుర్తుపట్టినదీ వారే. మనం కషాయం కొలత మాత్రం ఎత్తుకొచ్చి తక్కిన చదువంతా అక్కడే వదిలేశాం. (వారి పేరైనా చెప్పం, అది వేరే బాధ.)

కరోనా రోజుల్లో కంచెల మీది తిప్పతీగకు పట్టిన గతి గుర్తున్నది కదా. తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని 2021లో ముంబయి వైద్యులు ప్రచురించారు. దానిని పోలిన టినోస్పోరా క్రిస్పా అనే తీగ అయివుండవచ్చునని ఆయుష్ మంత్రిత్వ శాఖ బదులిచ్చింది. ఆ తీగ కాండం నిండా బుడిపెలుంటాయి. వివాదంలో ఎవరిది పైచేయి అన్నది నాకు అనవసరం. గుర్తుపట్టడం ఇంత ముఖ్యమని శాఖవారికి తెలిసినప్పుడు, ఆ బుడిపెల మాట కషాయం ప్రచారంతో పాటే ఊరూరా చెప్పి ఉండవలసింది.

కనుక మొక్క వైద్యం రాసే మిత్రులకు నా మనవి, మనవి కాదు, పేచీయే అనుకోండి. శాస్త్రీయ నామం రాయండి. ఆకు ఫోటో ఒక్కటి పెట్టి సరిపెట్టకండి; పూవు, కాయ, కాడ కనబడాలి. ఏ భాగమో కూడా రాయండి: నోటిపూతకు గురివింద ఆకు నమిలేవారున్నారు, అదే తీగ గింజ నమిలితే ప్రాణం మీదికి వస్తుంది.