ఇల్లు ఎవరి పేర ఉంది?

విదేశీ చదువు, వీసా అనగానే మన సంఘాల్లో కొందరు పెదవి విరుస్తారు. అది డబ్బున్న వాళ్ళ గొడవ, మనకెందుకంటారు. నేను ఒప్పుకోను. వేంపల్లె వచ్చి చూడండి. ఆ మండలంలోని ఇడుపులపాయలో 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీ నుంచి పల్లెటూరి బడుల్లో పదో తరగతి చదివిన ఆడపిల్లలు ఇంజనీర్లై వస్తున్నారు. అమెరికాలో ఎం.ఎస్. చెయ్యాలనుకునే పిల్లలకు మార్కులున్నాయి, సీటూ వస్తుంది. ఆగిపోయేది ఆస్తి కాగితం దగ్గర.

మొదటి ఏడాది ఖర్చుకు డబ్బెక్కడిదో వీసాకి చూపించాలి. చదువయ్యాక తిరిగొస్తామని నమ్మించాలి కూడా. అమెరికా చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, వచ్చినవాళ్ళు అక్కడే ఉండిపోతారని అధికారి ముందే అనుకుంటాడు. కాదని రుజువు చేసుకోవాల్సింది మనమే. ఊళ్ళో నీకేముందని అడిగితే కొడుకు దగ్గర జవాబుంటుంది. కూతురేం చెప్పాలి?

డబ్బుకోసం బ్యాంకుకి వెళ్తే అక్కడా అంతే. పేరున్న కొన్ని విశ్వవిద్యాలయాలకు సడలింపు ఉన్నా, చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే సాధారణంగా ఆస్తి తాకట్టు పెట్టాలి. పొలాన్ని చాలా బ్యాంకులు తీసుకోవు. వానకోసం ఎదురుచూసే మెట్ట చేను ఎన్నెకరాలుంటే ఏం లాభం? ఇల్లో, ఇళ్ళస్థలమో కావాలి.

నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. తల్లి ఏళ్ళ తరబడి కువైట్‌లో ఇంటిపని చేసింది. ఆ డబ్బుతో వేంపల్లెలో మిద్దె కట్టారు. రిజిస్ట్రేషన్ భర్త పేర. కూతురికి సీటొచ్చి, ఇల్లు తాకట్టు పెట్టమంటే, "ఇల్లు పిల్లోడికి గదమ్మా!" అన్నాడాయన నాతో. సంపాదించిన మనిషి సంతకం ఎవరికీ అక్కర్లేదు. ఆ తర్వాత అమెరికాలో చదువుతున్న కుర్రాడి సంబంధం వచ్చింది. కట్నం కోసం అదే ఇంటిమీద అప్పు తేవడానికి ఆయన సిద్ధం! అలా వెళ్తే ఆ పిల్లకి దొరికేది భార్యలకిచ్చే ఎఫ్-2 వీసా. దానిమీద ఉద్యోగం చెయ్యకూడదు, పూర్తికాలం డిగ్రీ చదవకూడదు. ఆడపిల్లను అంతదూరం ఎలా పంపుతామన్న భయం మాత్రం అప్పుడెవరికీ ఉండదు.

చట్టం లేదా అంటే ఉంది. హిందూ కుటుంబాల ఉమ్మడి ఆస్తిలో, అప్పటికే పెళ్ళయినవాళ్ళను వదిలేసి, మిగతా కూతుళ్ళకు 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం సమాన హక్కు ఇచ్చింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ తండ్రి స్వార్జితంగా రాసుకున్న ఇంట్లో, ఆయన బతికుండగా, కూతురికి ఈ చట్టాలిచ్చేదేమీ లేదు. తల్లి స్వార్జితం తండ్రి స్వార్జితంగా మారేది రిజిస్ట్రారు ఆఫీసులోనే.

కువైట్ వెళ్ళే స్త్రీలతో పనిచేసే మిత్రులు ఏజెంట్ల మోసాల గురించి, పాస్‌పోర్టులు లాక్కునే యజమానుల గురించి మాట్లాడుతున్నారు. మాట్లాడాలి. ఆమె పంపే డబ్బుతో కొనే స్థలం ఎవరి పేర రాస్తున్నారో కూడా అడగండి. బ్యాంకుల్నీ నిలదీద్దాం. 2024లో కేంద్రం తెచ్చిన పీఎం విద్యాలక్ష్మిలో తాకట్టు లేకుండా అప్పిస్తున్నారు, అయితే అది ఈ దేశంలోని ఎంపిక చేసిన విద్యాసంస్థలకే. సముద్రం దాటే ఆడపిల్లకు అదెందుకు వర్తించదు? రేపు ఉద్యోగం చేసి అప్పు తీర్చేది ఆ పిల్లే గదా!