డ్రోన్‌కు మన గుట్ట తెలుసా?

"డ్రోన్ చూపింది, మీ పోడు ఇంతే" అంటే మనం తలూపాలా? డ్రోన్ తన ఎత్తును లేచిన చోటు నుంచి లెక్కపెడుతుంది. రోడ్డు పక్కన 120 మీటర్లకు లేపితే, 80 మీటర్ల గుట్ట మీద దానికి మిగిలేది 40 మీటర్లే. అక్కడ ఒక్కో ఫోటోలో పట్టే నేల తగ్గిపోతుంది. ఫోటోకూ ఫోటోకూ నడుమ మన చేను జారిపోతుంది. నేల ఎత్తుపల్లాలను బట్టి ఎత్తు మార్చుకుంటూ ఎగిరించే పద్ధతి లేకపోలేదు. దానికి ఎత్తుల పటం కావాలి, ఓపిక కావాలి. జీపు దిగని వాళ్లకు అదెక్కడిది!

అటవీ హక్కుల చట్టం నియమాల్లో ఇలాంటి బొమ్మలు మిగతా సాక్ష్యాలకు తోడే, వాటికి బదులు కావు. పెద్దల వాంగ్మూలమూ సాక్ష్యమే. పదో తరగతి పాసై 18 నిండిన మన పిల్లలూ శిక్షణ పొంది డ్రోన్ పైలట్లు కావచ్చు. ఏ గుట్ట ఎక్కడ లేస్తుందో వాళ్లకు తెలుసు. అందాకా సర్వే వాళ్లను గ్రామసభలో నిలబెట్టి అడుగుదాం: ఎక్కడి నుంచి లేపారు? మా చేను మీద ఎంత ఎత్తున ఎగిరింది?