ఆల్బంలో శుభలేఖ

శుభలేఖ వేయించడానికి ఆత్మకూరులో ఏ ప్రెస్సుకు వెళ్ళినా ముందు చేతికిచ్చేది నమూనాల ఆల్బం. వినాయకుడి కార్డా, కలశం కార్డా తేల్చుకుని, పేర్లూ ముహూర్తమూ రాసిచ్చి ఇంటికి పోవచ్చు. కంప్యూటరు తెరకూ, ఫోను తెరకూ ముఖం దిద్దేవారి దగ్గరా ఇలాంటి ఆల్బమే ఉంది. దాన్ని థీము అంటారు. వర్డ్‌ప్రెస్‌లో 2005లో ఈ సదుపాయం వచ్చాక, ఒక్క పూటలో నెట్టులో దుకాణం తెరవడం సామాన్యుడికీ అందుబాటయింది.

డిజైన్ సిస్టమ్ వేరు. అది కార్డు కాదు, ప్రెస్సువారి కట్టుబాట్ల చిట్టా: పెళ్ళికూతురి పేరుకు ఏ టైపు, వరసకూ వరసకూ ఎంత ఎడం, ఏ మాటకు ఏ రంగు. చిట్టాలో రంగు మారిస్తే వంద పేజీల్లోనూ మారుతుంది. గూగుల్ 2014లో మెటీరియల్ డిజైన్ తెచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం తన సేవలకోసం 2018లో ఒకటి వెలువరించింది.

ఉదయగిరి చెక్క గరిటెలు నెట్టులో అమ్మబోతున్న మా పాత విద్యార్థి ఒకడు "సార్, రెండింట్లో ఏది మేలు?" అన్నాడు. తెలుగు పాఠం చెప్పేవాణ్ణి అడగవలసిన ప్రశ్నేనా అంటారా? ఆగండి, తెలుగు రాబోతోంది.

అయిదారు పేజీల దుకాణానికి థీము చాలు. ఒక్క శుభలేఖకోసం ఎవరైనా ప్రెస్సు పెడతారా? చిట్టా రాస్తే దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషీ కావాలి. అయితే థీము లోపలికి దూరి అతుకులు వేశామా, తయారుచేసినవాడు కొత్త కూర్పు పంపిన రోజున అవన్నీ ఎగిరిపోతాయి. రోజూ అతుకులే పని అయినప్పుడు సొంత చిట్టా సంగతి ఆలోచించాలి.

అసలు చిక్కు మరొకటి. ఇవి రెండూ చాలావరకు ఇంగ్లీషు అక్షరాల కొలతకు కత్తిరించినవే. మనకేమో పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తు కింద మరో ఒత్తు! వరసల ఎడం చాలకపోతే 'స్వాతంత్ర్యం' కాళ్ళు తెగిపోతాయి. ఇంగ్లీషు 'క్యాన్సిల్' పట్టే బొత్తాంలో "ఆర్డరు రద్దు చేయండి" పట్టక "ఆర్డరు..." అని ఆగిపోతే, వద్దనుకున్నవాడు గరిటెలు కొన్నట్టే. డబ్బు ఎవరిది పోయినట్టు?

అన్నట్టు, 1514లో ఉదయగిరి కోటను గెలిచిన కృష్ణదేవరాయల పేరుతో సిలికానాంధ్రవారి తెలుగు ఫాంటు ఒకటుంది. దుకాణం బోర్డుకు దివ్యంగా ఉంటుంది. చిన్నక్షరాల ధరల పట్టీకి మాత్రం రాయలవారిని శ్రమపెట్టకూడదు.

థీముకు డబ్బు కట్టేముందు చవక ఫోనులో తెలుగు కొట్టి చూడమన్నాను. చూశాడట, ఊరి పేరు అద్భుతంగా వచ్చిందట. 'ఉదయగిరి'లో ఒత్తెక్కడుంది నాయనా?